గోడ మీది కొత్త పేరు

1981 ఎండాకాలం, సర్పంచ్ ఎన్నికల ముందు. ధర్మసాగర్‌లో కొత్తగా సున్నం వేసిన గోడ దగ్గర ఇద్దరు: గోడల మీద పేర్లు రాసే ముక్తార్, పోటీలో దిగిన పీరయ్య. ఇద్దరిదీ ఒకే వాడకట్టు.

“ఆగు ముక్తార్, ఆగు. ఆ పేరు రాయకు.”

“‘పీ’ అయిపాయె గద పీరన్నా.”

“సున్నం కొట్టు దాని మీద. పరమేశ్వర్ అని రాయి.”

“పరమేశ్వర్ ఎవలు?”

“నేనే.”

“నువ్వా? ఎప్పటిసంది?”

“నిన్నటిసంది. హన్మకొండల పార్టీ సార్లు పెట్టిన్రు. ఈ దిక్కు వాళ్ళకు ఒక్క సర్పంచి గూడ లేడట. నాతోనే బోణీ అంటున్నరు. పీరయ్యంటె తురకల పేరు లెక్కున్నదట.”

“లెక్కుండుడేంది? మా పీరు పేరే గదనే. నీకంటె ముందటి పిల్లలు దక్కకపోతె మీ అవ్వ మా పీరీల కొట్టంకొచ్చి మొక్కింది. మా అమ్మీనే నీకు పేరు పెట్టె.”

“తెలుసు, తెలుసు. రాయి.”

“ఏం రంగు?”

“కాషాయం.”

“సరే.”

“కోపమొచ్చిందా?”

“లేదన్నా. చెయ్యి రాస్తాంది, నేను చూస్తాన. గంతే.”

“జర పెద్దగ రాయి.”

“ఒక్కటడుగుతా. మొహర్రంకు పీరునెవలెత్తుతరు?”

“ఎండ మస్తున్నది. చాయ్ తాగుదామా?”

“మీ తాత ఎత్తె, మీ నాయిన ఎత్తె, ఇప్పుడు నువ్వు. మీ ఇంటోళ్ళు తప్ప ఇంకెవలు ముట్టరు. నువ్వెత్తకపోతె పీరు బయటికే రాదు.”

“‘శ’ కింద వత్తు మంచిగ పెట్టు.”

“పెట్టిన. ఎత్తుతవా?”

“పార్టీ సార్లు వద్దన్నరు.”

“నువ్వేమన్నవ్?”

“ఏమంట? ఊకున్న.”

“ఊ.”

“మా అవ్వకు చెప్పకు. ఎలక్షన్లయినంక నేనే చెప్త.”

“మొగిలమ్మ పెద్దమ్మ పొద్దుగాల్నే కొట్టంకొచ్చింది.”

“మా అవ్వనా? ఎందుకు?”

“ఊదు పొగేసింది. బెల్లం పెట్టింది. నువ్వు గెలవాలని మొక్కింది.”

“పీరుకా?”

“మరి ఇంకెవలకు మొక్కుతది?”

“నా పేరు... ఏ పేరు జెప్పి మొక్కింది?”

“కొత్త పేరు ఆమెకు తెల్వది గదన్నా.”

“ఏమని మొక్కింది? చెప్పు ముక్తార్.”

“గెలిస్తె, ఈ యేడు నా పీరయ్య నిన్నెత్తుకోని నిప్పులు తొక్కుతడన్నది.”