గంట పట్టే రిమోటు

"కోటేషూ! ఏయ్ కోటేషూ! చాయ్ చల్లారుతుంది, ఆ రిమోటు ముచ్చట జెప్పరాదూ!" హోటల్ బొజ్జయ్య కేకేసిండు.

జూలూరుపాడు నెట్ సెంటర్‌ల పనిచేసే కోటేష్ బెంచీ మీద కూలబడ్డడు. తొడలు పీకుతున్నయి. చైను తెగిన సైకిల్‌ను సగం అడవిలోంచి నెట్టుకుంటా వచ్చిండు మరి. అయినా గ్లాసు చేతికి రాంగనే నోరు దానంతటదే లేచింది.

"ఏమున్నదన్నా, మా గోప్యా మామ ఇంట్ల, తండా మొత్తంల మొదటి నెట్టు నేనే పెట్టిచ్చిన. నెట్టు డబ్బా మీద లైటు ఆరితే ఆయన బిడ్డ సువర్ణ 'బావా' అని ఫోన్ జేస్తది. గంట ఆగు పిల్లా అంట. ఈడ కుర్చీల కూసోనే రిమోటు బటన్ వొత్తుత, నాలుగు కోసుల అడివి అవతల పచ్చలైటు ఎలుగుతది."

"గంతేనా?"

"గంతేనా అంటవేందే! మొన్న వైరు మీద కొండముచ్చు ఊగుతుంటే ఈడికెళ్లే సన్నగ కరెంటు ఇడిసిన. సావదు, సక్కిలిగిలి పెడ్తది. నవ్వుకుంట దిగిపోయింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గోదారి పొంగి భద్రాచలం కాడ నెట్టంతా తడిసింది. తడిసిన నెట్టు బరువు గదా, నడవది. మధిర దిక్కు నుంచి పొడి నెట్టు గుంజిన. జర జోరుగ గుంజిన్నేమో, టేషన్ల నిలబడ్డ రైలు నాలుగు బారలు ఇటు జరిగింది!"

"టేషన్ మాస్టరు ఏమనలేదా?"

"ఎందుకనలే? 'ప్యాసింజర్లు ఎక్కినంక గుంజుర్రి సారూ' అని బతిమాలిండు."

బెంచీ గొల్లుమంది. కోటేష్‌కు నవ్వు రాలేదు. ఒక్కో కోత కొయ్యుడు ఎత్తు మీద సైకిల్ తొక్కినట్టే ఉంది ఇయ్యాల.

అంతలో గోప్యా మామ బండి వచ్చి ఆగింది.

"అల్లుడా, పొద్దటి నుంచి లైటు లేదు. సువర్ణ కాలేజీ సీటుకు ఆప్షన్లు పెట్టాలె, అయిదింటికి బంద్. సెంటర్‌కొస్తనంటే నువ్వే వద్దంటివి. నాలుగాయె. వొత్తు నీ బటన్!"

బొజ్జయ్య గ్లాసు కడుగుతా అన్నడు: "ఏం బటనయ్యా? ఊళ్లె రెండింటి నుంచి కరెంటే లేదు. మొన్న గూడ లేదు, అయినా తండాల నెట్టు గంటకే బాగాయె. గంటంటే తండాకు సైకిల్ మీద పోయేంత."

ఎవ్వరూ నవ్వలేదు. గోడకు ఆనించిన సైకిల్ దిక్కు చూసిన్రు. ఇంట్ల ఆరిన లైటు ముందర కూసున్న సువర్ణ మొఖం కోటేష్ కండ్లల్ల మెదిలింది. లేచి మామ బండి ఎక్కి వెనక కూసున్నడు.

"జల్దీ పోనియ్ మామా. రిమోటు లేదు, గిమోటు లేదు. మీ చేను కాడి తునికి చెట్టు మీద వైరు జాయింటు ఊడుతది. ఊడినప్పుడల్లా నేనే వచ్చి సుట్టిపోత. ఇయ్యాల వస్తాంటే సగం తొవ్వల చైను తెగింది."

"ఇన్నిసార్లెందుకురా? ఒక్కపారి గట్టిగ సుట్టకపోయినవా?"

కోటేష్ గీరుకుపోయిన అరచేతుల దిక్కు చూసుకున్నడు.

"గట్టిగ సుడితే సువర్ణ నాకు ఫోన్ జెయ్యది గదా, మామా."