బొత్తం గిన్నెలో పిన్ని మాట

ఏంటే అది, మళ్లీ పాలల్లో బ్రెడ్డేనా? పొద్దున బ్రెడ్డు, సాయంత్రం బ్రెడ్డు. వేలెడంత లేదు ఆ కుక్కపిల్ల, దాని ప్రాణానికి అదేం తిండే? ఆఁ, ప్యాకెట్లో గుళికలు కూడా పెడుతున్నావా? సరే తల్లీ, చదువుకున్నదానివి, నీకు తెలుసులే. మాట వరసకి అన్నాను. ఇలా వచ్చి కూర్చో. మా చిన్నాన్న ఉండేవాడు, మా నాన్నకి తమ్ముడు. మీ అమ్మ బడికి వెళ్లే రోజుల్లోనే పోయాడు, నీకెలా తెలుస్తాడు. గడియారాలు బాగుచేసేవాడు. ఇంటి ముందు గదే ఆయన కొట్టు. గోడ నిండా గడియారాలు, ఒక్కటీ ఇంకోదానితో ఒప్పుకునేది కాదు. నోట్లో నాలుక లేని మనిషి ఆయన. ఆయన నాలుక కూడా మా పిన్ని నోట్లోనే ఉండేదని మా నాన్న అనేవాడు. నిజమే మరి. ఏం తినాలో, ఎంత తినాలో అంతా ఆవిడే. "చెయ్యి తియ్యండి, ఎంత పెట్టాలో నాకు తెలుసు" అనేది. ఆయన తీసేవాడు. వాళ్లకి పిల్లల్లేరు. ఒక్క కుక్క ఉండేది, ఇదిగో నీ దానంతే, నల్లగా గుండ్రంగా ఉండేదని బొత్తం అని పిలిచేవారు.

పిన్ని ఉన్నట్టుండి పోయింది. జ్వరం అని పడుకుంది, లేవలేదు. ఇంక ఆ బొత్తం చూడు, గిన్నె ముట్టదు. వంటింటి గుమ్మంలో పడుకుని పొయ్యి వంకే చూస్తుంది. చిన్నాన్నకి టీ కాచుకోవడం కూడా రాదు. అయినా ఎవరో చెప్పారని మాంసం తెచ్చి ఉడకబెట్టి పెట్టాడు. తింది. హమ్మయ్య అనుకుని అదే పట్టుకున్నాడు. మూడు పూటలా మాంసమే, వేరే మెతుకు లేదు. కొన్నాళ్లకి దాని కాళ్లు వంకర్లు పోయాయి, మెట్టు ఎక్కలేక కుయ్యోమనేది. మా వీధి చివర పశువుల డాక్టరు ఉండేవాడు, పెద్ద గొంతు మనిషి, ఎవరినైనా కేకలేసేవాడు. "ఏమయ్యా, పులిని పెంచుతున్నావా? ఒట్టి మాంసం పెడితే ఎముకలు గుల్లబారవూ! అడవిలో జంతువు ఎముకలతో సహా నములుతుంది, నువ్వేమో మెత్తటి ముక్కలు కోసి పెడుతున్నావు" అని ఒకటే అరుపు. తర్వాత ఆయనే నెమ్మదిగా చెప్పాడు. సగం పైన మాంసం, కొంచెం అన్నం, ఉడికిన క్యారెట్టో గుమ్మడికాయో ఇంకొంచెం, ఎప్పుడన్నా చిన్న కాలేయం ముక్క, అదీ ఎక్కువ పెట్టకూడదు. గుడ్డు పెంకులు ఎండబెట్టి మెత్తగా నూరి చిటికెడు కలపాలి. ఆ పిండి నూరడం చూడాలి నువ్వు! కంటికి ఆ గడియారాల భూతద్దం తగిలించుకుని, పలుకు కనబడితే పట్టకారుతో ఏరేవాడు. గడియారం ఇచ్చి పోయినవాళ్లు గుమ్మంలో నిలబడి ఎదురుచూసేవారు. "ఉండండి, బొత్తం భోజనం అవుతోంది" అనేవాడు. కాళ్లు బాగుపడ్డాయి. మెట్లేంటి, బల్లలే ఎక్కేది.

ఏమంటున్నాను? ఆఁ. నేను పక్క వీధిలోనే కదా కాపురం, మధ్యాహ్నం పని అయ్యాక వెళ్లి చూసొచ్చేదాన్ని. ఒకరోజు వెళ్లేసరికి వంటింట్లోంచి మాటలు వినబడుతున్నాయి. "అన్నం ఇంకో గరిటె వేయనా?" అంటున్నాడు. "వద్దా? సరే" అని గరిటె దించేసిన చప్పుడైంది. ఎవరో వచ్చారనుకుని తొంగిచూశాను. ఆయన, కుక్క, అంతే. కుక్క ఆయన వంక చూడటం లేదే. పొయ్యికీ అలమరకీ మధ్య ఖాళీ ఉంది, అక్కడికి తలెత్తి చూస్తోంది, తోక ఊపుతోంది. నా ఒళ్లు ఝల్లుమంది. ఇంటికొచ్చి మీ తాతయ్యకి చెబితే, "ముసలాయన, ఒంటరిగా ఉన్నాడు, గోడతో మాట్లాడుకుంటే నీకేం నష్టం" అన్నాడు. ఆయనకి అన్నీ తేలికే.

సరే, గోడే అనుకున్నాను. ఇంకోరోజు మా ఇంట్లో మాంసం వండుతూ బొత్తానికని విడిగా, ఉప్పూ కారం లేకుండా చేసి పట్టుకెళ్లాను. రుచిగా ఉండాలని రెండు ఉల్లిపాయలు వేశాను. చిన్నాన్న గిన్నెలో వంపబోయి ఆగిపోయాడు. "ఇందులో ఉల్లిపాయ వేశావా అమ్మాయ్? పెట్టొద్దంటోంది మీ పిన్ని." నాకు చిర్రెత్తుకొచ్చింది. కష్టపడి చేసుకొస్తే వంకలా! మూతి ముడుచుకుని గిన్నె తీసుకుని వస్తుంటే దారిలో డాక్టరు కనబడ్డాడు, ఉక్రోషం పట్టలేక ఆయనతో చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని విరిచేస్తుందమ్మా, చిన్న కుక్కకి మరీ ప్రమాదం. నేనే ఈమధ్య చదివి తెలుసుకున్నాను, ఇంకా ఎవరికీ చెప్పలేదు. మీ చిన్నాన్నకి ఎవరు చెప్పారు?" అన్నాడు. ఏం చెప్పమంటావ్? ఏమోనండీ అని వచ్చేశాను. ఆ కూర మట్టిలో పాతిపెట్టాను, వేరే కుక్క ఏదైనా తింటుందేమోనని.

అలా చాలా ఏళ్లు గడిచాయి. దాని బొచ్చు నెరిసింది కానీ హుషారు తగ్గలేదు. చెప్పు తీసి విసిరితే పరిగెత్తి తెచ్చేది. అలాంటప్పుడు చిన్నాన్న దాని గిన్నెలో తిండి తగ్గించడం మొదలుపెట్టాడు. "అదేంటి చిన్నాన్నా, బానే తింటోందిగా, పాపం గిన్నె నాకుతోంది" అన్నాను. "రోజూ కొంచెం తగ్గించమంటోంది" అన్నాడు. ఎందుకో ఆయనకీ తెలియదు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, చెయ్యి మాత్రం తగ్గిస్తోంది. ఎన్నో రోజులు కాలేదు, బొత్తం వాంతులు చేసుకుంది. డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూసి, లోపల గడ్డ ఉంది, ఎప్పటినుంచో పెరుగుతోంది, కడుపు నిండా తిని ఉంటే నరకం పడేది అన్నాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బొత్తం ఎండలో కొట్టు బల్ల మీద పడుకుని, పడుకున్నది పడుకున్నట్టే పోయింది. బాధపడలేదు. అదొక్కటే అదృష్టం.

బొత్తం పోయిందంటే ఆ మాటలు కూడా పోతాయనుకున్నాను. వెళ్లి చూస్తే పొయ్యి మీద అదే గిన్నె, అదే మాంసం, అన్నం, క్యారెట్టు. "ఎవరికి చిన్నాన్నా?" అన్నాను. "నాకే. ఇప్పుడు నాకు చెబుతోంది" అన్నాడు సంతోషంగా. సంతోషమే, ఒట్టు. సరే, ఏదో ఒకటి తింటున్నాడు కదా అనుకున్నాను. కొన్నాళ్లకి చూస్తే చొక్కా వేలాడుతోంది, దవడలు లోపలికి పోయాయి. ప్లేట్లో చూస్తే పిడికెడు. అడగక్కర్లేకపోయింది నాకు. అయినా అడిగాను. "తగ్గించమంటోందమ్మా" అన్నాడు.

డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను, మనుషుల డాక్టరు దగ్గరికి. ఏ జబ్బూ లేదు, తిండి లేదంతే అన్నాడు. చూస్తూ చూస్తూ మనిషిని ఎలా వదిలేస్తామే? నన్ను చంకనెత్తుకుని పెంచాడు ఆయన. మర్నాడు ఇంత గిన్నెడు అన్నం, పప్పు, కూర పట్టుకుని వెళ్లాను. ప్లేటు నింపేశాను. ఆయన ప్లేటు వంక చూడకుండా ఆ ఖాళీ వంక చూస్తున్నాడు. వద్దనబోతున్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. గరిటె పట్టుకుని అటు తిరిగి అన్నాను, "పిన్నీ! నువ్వు పెట్టలేవు, నన్ను పెట్టనివ్వవు, ఇదెక్కడి న్యాయం? బొత్తాన్ని తీసుకెళ్లావు, సరే, దానికి జబ్బు. ఈయనకేం జబ్బు? నీకు తోడు కావాలనా? నోరు మూసుకుని పక్కకి తప్పుకో!" ముందు గదిలో గడియారాలన్నీ కొట్టుకుంటున్నాయి, అంతే. చిన్నాన్న బిక్కచచ్చిపోయాడు. చెయ్యి అడ్డం పెట్టలేదు. తిన్నాడు. మర్నాడూ వెళ్లాను, ఆ మర్నాడూ వెళ్లాను. బుగ్గలు మళ్లీ వచ్చాయి.

కానీ ఒకరోజు వెళ్లేసరికి పొయ్యి దగ్గర ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "వేయనా?" అన్నాడు. ఆగాడు. "వేయనా?" మళ్లీ. నన్ను చూసి, "నువ్వు కసిరిన దగ్గర్నుంచీ పలకడం లేదమ్మా" అన్నాడు. నా మీద కోపం లేదు ఆయనకి, అదే నన్ను చంపేసింది. ఆ వంటింట్లో ఆయన్ని వదిలేయకూడదనుకుని, రేపటినుంచి మా ఇంట్లోనే భోజనం అన్నాను.

వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. నేను ఇదిగో ఈ వంటింట్లోనే కూర దించుతున్నాను. గుమ్మంలో ఆగిపోయాడు. నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు, పొయ్యి పక్కకి. ముఖం ఎలా వెలిగిందనుకున్నావ్! "ఇక్కడికి వచ్చేశావా" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఒట్టు. ఆయన కూర్చుని కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఉప్పు సరిపోయిందట" అని చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాత బానే బతికాడు. మీ అమ్మకి చిన్న గడియారం కూడా చేసిచ్చాడు. బాగా ముసలాడయ్యాక, ఆఖరి రోజుల్లో, మళ్లీ చెయ్యి అడ్డం పెట్టడం మొదలుపెట్టాడు. ఈసారి నేను పోట్లాడలేదు. నిద్రలో పోయాడు, బొత్తంలాగే. ఆవిడ కూడా వెళ్లిపోతుందిలే అనుకున్నాను.

ఏమో మరి. ఆ పొయ్యి పక్కన నేను బుట్ట పెట్టను, చీపురు పెట్టను, చూశావుగా. మీ తాతయ్య ఉన్నన్నాళ్లూ నవ్వేవాడు. నాతో మాత్రం ఇన్నేళ్లూ ఒక్క మాట మాట్లాడలేదు పిన్ని. కోపం పోలేదు కాబోలు. నేనూ పట్టించుకోలేదు, ఎవరి పని వాళ్లది. మొన్న సోమవారం నేను ప్లేట్లో అన్నం పెట్టుకుంటూ రెండో గరిటె ఎత్తానా...

ఏం లేదులే. నీ చెయ్యి అంత చల్లగా ఉందేంటే? ఆ కిటికీ వేసిరా, వాన వచ్చేట్టుంది.