మాస్టారి ఇనప భుజం

ఏటండీ డాక్టరుగారూ ఇది! పదిహేనేళ్లకు ఢోకా లేదన్నారు కదా? డెబ్బయ్యెనిమిదిలో ఘాటీరోడ్డు మీద జీపు బోల్తా కొట్టి నా కుడిభుజం నుగ్గయితే, ఇనప గుండు పెట్టి, దానికి ప్లాస్టిక్ గిన్నె అమర్చింది మీరే కదా? ఏడేళ్లు నిండలేదు. చెయ్యి కదిపితే లోపల కటకటమంటోంది!

ఎక్స్‌రే నాకెందుకు చూపిస్తారు? గిన్నె అరిగిపోయింది, ఎముకలోంచి వదులైంది. అంతేనా? తిరగలి పిడి సంగతే ఇదీను. రాయి బాగానే ఉంటుంది, పిడి దిగిన బొక్కే అరిగి ఊగుతుంది. మా అమ్మ గుడ్డపీలిక చుట్టి దిగ్గొట్టేది. మీరేం చుడతారు?

బరువులా? సుద్దముక్కను మించి ఎత్తలేదన్నాను కదా. పొద్దున్న గెడ్డ నీళ్లలో దిగి దాటుతూ పాచిరాయి మీద జారాను. ఎన్నిసార్లడుగుతారు?

...టైమెంతయింది? పదకొండా?

అలా చూడకండి. పిల్లలు అబద్ధమాడితే నేనూ అలాగే చూస్తాను.

సరే. డోలీ మోశానండీ. అనంతగిరి పైన మా ఊరికి రోడ్డేదీ? రోగమొస్తే కర్రకు దుప్పటి కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, భుజాల మీద దించాల్సిందే. మూడేళ్ల కిందట ఒక మనిషి తక్కువైతే, "మాస్టారిది ఇనప బుజం, దానికి నొప్పేటి?" అన్నాడు మా ఊరి భీముడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నమ్మాను కూడా! పొగడ్తకు పొంగి ఏరు ఈదబోయిన మేక కథ ఏటేటా చెప్పేవాణ్ణే నేను. అప్పట్నుంచి ప్రతి డోలీకీ ముందు కొన నాదే.

ఇవాళ భీముడి పెళ్లాం రాజులమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. గెడ్డ మధ్యలో భుజంలో ఏదో కళుక్కుమంది. ఇక చెయ్యి నాది కాదు. కర్ర జారింది. ఆవిడ బండ మీద పడింది, బోర్లా.

"మాస్టారి పరువు పోద్ది, పడినట్టు ఎవులికీ సెప్పొద్దు" అన్నాడు భీముడు. వాడు నన్ను కాపాడుతున్నాడండీ, వాడు! నేను నోరు మూసుకున్నాను.

ఇద్దర్నీ ఒకే జీపులో తెచ్చారు. ఆవిడ మీ ప్రసవాల వార్డులోనే ఉంది. కడుపు బండకు తగిలిందని అక్కడి డాక్టరమ్మకు తెలీదు. వట్టి నొప్పులే అనుకుంటోంది.

నా భుజం తరవాత. ఊడదీసి పారేసినా సరే. బేగి ఆ ఫోనెత్తండి. ఆవిడ పడిందని చెప్పండి.

పడేసింది మాస్టారే అని కూడా చెప్పండి.