రెండో గడి

(జావా దీవిలో వొనొసారి. తోగార్ కంప్యూటర్ షాపు. వాగియో గుమ్మం దాటి లోపలికొచ్చాడు. అక్కడ పెద్ద మగవాళ్ళని గౌరవంగా ‘పాక్’ అంటారు.)

“నీ ఫారం మా ఆవిడను చంపింది.”

“ఎవరండీ మీరు? ముందు కూర్చోండి, పాక్.”

“కూర్చోను. నా పేరు వాగియో. వెదురు పంజరాలు అల్లుతాను. ప్రతి గురువారం గుండె డాక్టరు వస్తాడు, వెబ్‌సైటులో పేరు పెట్టుకోండి అని ఆసుపత్రివాళ్ళు అన్నారు. ఆ ఫారం చేసింది నువ్వేనా?”

“నేనే. అయితే?”

“మా ఆవిడ తుమిరా పేరు పంపాను. తను పోయాక అడిగితే జాబితాలో లేదన్నారు.”

“అది ఆసుపత్రివాళ్ళని అడగాలి. నేను ఫారం చేసిచ్చానంతే.”

“అడిగాను. వాళ్ళు నీ షాపు చూపించారు. నిన్న నలభయ్యోరోజు ప్రార్థన అయింది. అది కానిచ్చి వచ్చాను.”

“అయ్యో. టీ చెప్పమంటారా?”

“నీ టీ నాకెందుకు?”

“పాక్, కోపం వద్దు. మీరు పంపాననుకుని ఉంటారు. మధ్యలో నెట్ పోతుంది. పెద్దవాళ్ళు చాలామంది చివరి బటన్ నొక్కరు...”

“నొక్కాను. ‘ధన్యవాదాలు. మీ వివరాలు అందాయి. మీ ఫోనుకి కబురు వస్తుంది’ అని వచ్చింది. ఊరి బడిలో ఆరేళ్ళు చదివాను. అది చదవడానికి ఆరేళ్ళు చాలు.”

“సరే, సరే. ఏ రోజు?”

“పోయిన నెల మూడో తారీఖు, పొద్దున.”

“చూస్తానుండండి. మూడు... లేదు పాక్. ఆ పేరే లేదు.”

“మళ్ళీ చూడు.”

“చూశానండీ.”

“మళ్ళీ చూడు.”

“ఆగండి... పారేసినవాటిలో...”

“దేంట్లో?”

“ఏం లేదు. మీరు రెండో గడిలో ఏం రాశారు?”

“ఏ రెండో గడి?”

“మొదటిది పేరు. రెండోది ఇంటిపేరు.”

“మాకు ఇంటిపేర్లెక్కడివి? నేను వాగియో. మా నాన్న కర్తో. తను తుమిరా. అక్కడితో సరి. ఖాళీగా వదిలేస్తే ఎర్రక్షరాలొచ్చాయి, ఈ గడి నింపాలని. మళ్ళీ నొక్కితే మళ్ళీ ఎరుపు.”

“అవును. ఆ గడి నింపకపోతే ఫారం కదలదు. నేనే అలా పెట్టాను.”

“అందుకని పేరే మళ్ళీ రాశాను. తుమిరా, తుమిరా. మా వైపు అందరూ అదే చేస్తారు. సిమ్ముకి అదే, బ్యాంకులో అదే. ఏంటా మొహం?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే తల దించుకున్నావేం?”

“పాక్... ఫారం పెట్టిన మొదటి వారంలో ఆకతాయిలు చేతికొచ్చింది కొట్టి పంపారు. ఒకే మాట రెండు గళ్ళలోనూ. రోజుకి వంద. ఆసుపత్రివాళ్ళు విసుక్కున్నారు. అందుకని, రెండు గళ్ళలో ఒకే మాట ఉంటే పారేయమని ప్రోగ్రాంలో రాశాను.”

“పారేయమని.”

“అవును.”

“పారేసి, ధన్యవాదాలు చెప్పమన్నావా?”

“అలా చెప్పకపోతే వాళ్ళు ఇంకో దారి వెతుకుతారు. పని అయిపోయిందనుకుని పోవాలి కదా. అందుకని...”

“నన్ను కూడా అలాగే పంపేశావు.”

“నాకు తట్టలేదు పాక్. మాది వేరే దీవిలో బతక్ జాతివాళ్ళ ఊరు. నేను తోగార్ హుతాబారత్. హుతాబారత్ అంటే మా వంశం. మా దగ్గర ఇంటిపేరు లేని మనిషి ఉండడు. కొత్తవాడు కనిపిస్తే పేరు తర్వాత, ముందు ఇంటిపేరే అడుగుతాం.”

“ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళయింది?”

“పదహారు.”

“మా అన్నం తిన్నావు, మా ఇళ్ళలో అద్దెకున్నావు. పదహారేళ్ళలో ఒక్క జావా వాణ్ణి కూడా పేరడగలేదా?”

“అడిగాను. గడి పెట్టేటప్పుడు గుర్తురాలేదు.”

“నేను పిట్టలకి పంజరం అల్లుతాను. దానికి కూడా తలుపు పెడతాను.”

“తప్పు నాదే. కాదనను. కానీ పాక్, పదకొండు రోజులు కబురు లేకపోతే...”

“పదకొండని నీకెవరు చెప్పారు?”

“నలభై రోజుల ప్రార్థన నిన్నన్నారు. మూడో తారీఖున పంపానన్నారు. లెక్క చూస్తే పదకొండు. ఫారంలో మీ ఊరు ఉంది, అక్కణ్ణుంచి ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లే. ఒకసారి వెళ్ళి...”

“ముందు అది తీసెయ్. నా కళ్ళెదుట.”

“ఆసుపత్రివాళ్ళని అడక్కుండా మార్చకూడదు.”

“పెట్టేటప్పుడు నన్నడిగావా?”

“... సరే. తీస్తున్నాను. ఇదిగో, ఈ రెండు వరుసలు. పోయాయి. ఇంటిపేరు గడి ఇక నింపకపోయినా ఫారం వెళ్తుంది.”

“రెండే వరుసలా?”

“రెండే.”

“పంపి చూడు. నేను నమ్మను.”

“ఏదో ఒక పేరు కొడతాను.”

“తుమిరా అని కొట్టు.”

“పోయినవాళ్ళ పేరెందుకు పాక్, నా పేరు పెడతాను.”

“నీ పేరు ఎప్పుడైనా వెళ్తుంది. తుమిరా. ఒక్కసారే. రెండోది ఖాళీ.”

“వయసు?”

“యాభై ఎనిమిది. అయ్యేది.”

“ఫోను నంబరు?”

“రాసుకో. తనదే.”

“నొక్కుతున్నాను. వెళ్ళింది... ఆ చప్పుడేంటి?”

“నా జేబులో. తన ఫోను.”

“కబురు వచ్చుంటుంది. ఇటివ్వండి, చెరిపేస్తాను.”

“చదువు ముందు.”

“వద్దు పాక్.”

“చదవమన్నాను.”

“‘తుమిరా గారికి. గురువారం ఉదయం తొమ్మిదికి రండి. డాక్టరుగారు చూస్తారు. మీ నంబరు నాలుగు.’”

“నాలుగు.”

“అవును.”

“రెండు వరుసలు తీస్తే నాలుగో నంబరు.”

“క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు. ఈ నంబరు రద్దు చేస్తాను పాక్, ఇంకెవరికైనా దక్కుతుంది. ఇలా ఫారాలు పోయినవాళ్ళందరికీ ఈరోజే ఫోన్ చేస్తాను. ఇంకో ఇరవైమంది ఉన్నారు, మీలాగే రెండుసార్లు రాసినవాళ్ళు.”

“చెయ్. బతికున్నారేమో చూడు.”

“చేస్తాను. మీరు ఏం తిట్టినా పడతాను. ఆసుపత్రిలో వచ్చి చెప్పమన్నా చెప్తాను, తప్పు నాదని. కానీ ఒక్కటి నాకు అర్థం కావట్లేదు.”

“నీకేం అర్థం కానక్కర్లేదు.”

“వెళ్ళి అడిగితే అక్కడే రాసుకునేవారు. నర్సులు మంచివాళ్ళు. మోటారుసైకిల్ మీద పది నిమిషాలు. పదకొండు రోజుల్లో మీకు ఒక్కసారి కూడా అనిపించలేదా?”

“నాకు అనిపించలేదు.”

“ఆవిడకి?”

“ఫోను ఇలా ఇవ్వు.”

“ఆవిడ ఏమీ అనలేదా పాక్?”

“నాలుగో రోజు పొద్దున మంచి బట్టలు కట్టుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో కూర్చుంది. వెళ్ళి అడుగుదాం పద అంది. అందిందని వాళ్ళే చెప్పారు, మనం పోయి దేబిరించడమేంటి, బట్టలు మార్చుకో అన్నాను. మార్చుకుంది. నా కూతురికి కూడా తెలియదు. దీని గురించి నేనిక మాట్లాడను, నీతోనూ, ఎవరితోనూ. జరుగు.”