అత్త కట్టి ఇచ్చిన కోకలు

తిరుపతిలో చర్మం డాక్టరు "ఈ దురద ఎన్నేళ్ల నుంచి ఉందమ్మా?" అని అడిగితే మా అవ్వ నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక నేను మళ్లీ అడిగాను: "అవ్వా, నిజంగా ఎప్పటి నుంచి?" ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను.

ఎప్పటి నించా? ఆ డాక్టరు పిల్లోడు పుట్టక ముందు నించి అని చెప్తే నమ్ముతాడా మ్మే? వాళ్ల నాయన గూడా పుట్టుండడు. అందుకే నవ్వినా.

నాకు పద్నాలుగేండ్లుంటాయి. కాదు, పదమూడే. చెనక్కాయలు పీకే దినాలు, అది బాగా గుర్తుండాది. మా అమ్మోళ్ల ఊరు ఏర్పేడు కాడ కదా. చేన్లో కూచోని కాయలు ఒలస్తా ఉంటే మోచేతి మడతలో మొదలయింది. ఎర్రంగా దద్దు మాదిరి లేచింది. గీకినాను. గీకితే నీరు కారింది, ఆరినాక చేప పొలుసు మాదిరి అయింది. పది దినాలకు పోయింది లే అనుకుంటే మోకాళ్ల యెనక, మెడ కింద, ఈపు మీద. అంతే, ఆ పొద్దు పట్టుకునింది ఈ పొద్దుకీ ఇడవలా.

మా అమ్మ చెయ్యనిది లేదు. వేపాకు నీళ్లు పోసింది, కానుగ నూనె పూసింది, గంధకం నూరి పూస్తే అది ఇంకా మంట. కాళహస్తికి పోయి మొక్కుకునింది. వంకాయ తినొద్దనింది, ఎండుచేపలు వద్దనింది, కడాకు సంగట్లోకి చెనిగింజల ఊరిబిండి పచ్చడి గూడా వద్దనింది. ఉత్త సంగటి యెట్ల దిగతాది గొంతులో, నువ్వే చెప్పు.

ఆమె భయం ఏందంటే... నోటితో అనేది కాదు గానీ, పెద్దరోగమేమో అని. కుష్టు. ఆ కాలంలో ఆ మాట ఇంట్లో అనేవాళ్లు కాదు. ఒక దినం మా నాయనకు చెప్పకుండా నన్ను ఆస్పత్రికి పిలుచుకోని పోయింది. ఆడ ఒక డాక్టరమ్మ, తెల్ల కోక, కండ్లద్దాలు. నన్ను కండ్లు మూసుకోమని దూదితో ఒకసారి, గుండుసూదితో ఒకసారి తాకింది. ఏం తాకిందో నేను సరింగా చెప్పినా. "స్పర్శ తెలుస్తోంది కదా, ఇది పెద్దరోగం కాదు, ఎవరికీ అంటుకోదు. ఏం జబ్బో మాత్రం నాకు తెలియడం లేదు" అనింది. మా అమ్మ బయటికొచ్చి "తెలీదనేదానికి అంత దూరం పోవల్నా" అని సణిగింది. నాకైతే ఆయమ్మ నచ్చింది మ్మే. తెలీదని చెప్పింది కదా, ఉండేది ఉన్నట్టు.

అప్పుడే సంబంధం వచ్చింది. చిత్తూరు కాడ, చెరుకు తోటలుండేవాళ్లు, సొంత గానుగ. మా అమ్మ ఈ సంగతి వాళ్లకూ చెప్పలేదు, మా నాయనకూ చెప్పలేదు. ఆయనకు మొదటి నించీ చెమట పొక్కులనే చెప్తా వచ్చింది. "పెండ్లయితే అదే పోతాది, నోరు మూసుకోనుండు" అనింది. ఆ మాటకొస్తే తప్పే. కానీ ఆడబిడ్డను కన్న మనిషి, ఏం చేస్తాది.

పెండ్లి మూడు దినాలు. కొత్త కోక, గంజి, పసుపు. ఒళ్లంతా నిప్పులు పోసినట్టుండాది. అందురూ "పెండ్లికూతురు సూడు, ఎంత అణకువ, కదలకుండా కూచోనుండాది" అనినారు. కదిలితే గీక్కోవాల్సి వస్తాదని నేను కదల్లేదు, అదీ అణకువ! యుద్ధం దినాలు కదా, బస్సుకు యెనక బొగ్గుల పొయ్యి కట్టి నడిపేవాళ్లు. చిత్తూరు దాకా ఆ పొగలో, ఆ చెమటలో... మీ తాత నా పక్కన కూచోని ఏమీ మాట్లాడలా. ఆయప్ప ఎప్పుడూ అంతే లే.

యాడున్నా నేను? ఆ, మా అత్త. మునెమ్మ. నువ్వు సూడలేదు ఆమెను. నల్లంగా, పొడుగ్గా, నోరు తెరిస్తే ఈది చివర కుక్క లేసి పోయేది. నేను మోచేతులు దాటేంత రవికలు తొడుక్కోని నెల దినాలు దాచినా. మీ తాత బెల్లం వండే కాలమని గానుగ కాడే పండుకునేవాడు. ఒక శుక్రవారం పొద్దున తలకు పోస్తా రమ్మనింది. వద్దత్తా అన్నా. "నీ తలకాయ నేను ఊడబెరుక్కుంటానా, రా మే" అని పీట మీద కూచోబెట్టి, రవిక తీసెయ్యమనింది. నేను రెండు చేతుల్తో పట్టుకోని ఏడస్తా ఉండాను. ఆమె నా చేతులు ఇడిపించి సూసింది.

నేను అట్లే కాళ్ల మీద పడిపోయినా. "అత్తా, పంపించెయ్యొద్దు నన్ను" అని.

ఆమె ఏమనిందో తెల్సా? "లెయ్. నీళ్లు సల్లారిపోతా ఉండాయి."

నీళ్లు పోస్తానే అడిగింది. అంటుకుంటాదా? లేదంట. ఎవురు చెప్పినారు? డాక్టరమ్మ. మీ అమ్మకు తెల్సా? నేను తల ఇంకా కిందికి వంచినా. "సరే, మీ అమ్మ కంట పడనీ, నేను మాట్లాడతా" అనింది. పోసినాక నా కోక ఆరలేదని తన పాత కోకొకటి నా మీద ఇసిరింది. ఎన్నేండ్లదో, ఎండకు పట్టుకుంటే అవతల మనిషి కనపడేటట్టుండాది. అది కట్టుకోని గోడకానుకోని కూచున్నా. కూచున్నదాన్ని కూచున్నట్టే నిద్దరపోయినా మ్మే. పొద్దు గూకే దాకా. అన్నానికి గూడా లేపలేదు ఆమె.

మర్నాడు నా కొత్తది కట్టుకోమనింది. మధ్యాన్నానికి గీకుడు. ఆ మర్నాడు మళ్లీ పాతది. గీకుడు లేదు. ఇట్లా పది పన్నెండు దినాలు ఇదొకటి అదొకటి కట్టించి సూసింది. చదువు లేదు, ఏలిముద్రేసే మనిషి. కడాకు తేల్చింది: "దీని ఒంటికి కొత్తబట్ట పడదు. గంజి పడదు. చాకిరేవు చౌడు పడదు." ఆ పొద్దు నించి నా బట్టలు రేవుకెయ్యలేదు. బావి నీళ్లల్లో తనే జాడించేది. అట్లని జబ్బు పోయిందా అంటే పోలా. నిద్దర పట్టేది. అదే గొప్ప.

మరి పాత బట్ట యాడ నించి వస్తాది? కంట్రోలు దినాలు. కార్డు పట్టుకోని అంగడి కాడ నిలబడితే, ఉంటే ఇచ్చేవాళ్లు, లేకపోతే పొమ్మనేవాళ్లు. ఇచ్చేది గూడా గోనెపట్ట మాదిరి దళసరి. బెల్లం మణుగు ఎంతకమ్మేదో మర్చిపోయినా గానీ, ఆ కోక గరుకు మాత్రం ఇప్పుడు గూడా చెయ్యి చెప్తాది. ఆమెవి పాతవి రెండే, రెండూ చినిగిపోయినాయి. అప్పుడు అనింది: "కొత్తది నేను కడతా. నలిగినాక నువ్వు కట్టు."

అట్లే చేసింది. నాకని వచ్చిన ప్రతి కోకా ముందు ఆమె కట్టేది. చెరుకు కొట్టేదానికి దాంతోనే, బెల్లం వండే పొయ్యి కాడ దాంతోనే. ఉతికి, బండకేసి బాది, మళ్లీ కట్టి. ఐదారు నెలలకు లేగదూడ చెవి మాదిరి అయ్యేది. అప్పుడు మడిచి నా పక్కన పెట్టి, ఏమీ అనకుండా పోయేది.

నీకి ఇది చిన్న సంగతి మాదిరి ఉంటాది. కొత్త కోడలు పాత కోక కట్టడం, అత్త కొత్తది కట్టడం... ఈదంతా సూస్తా ఉండారు కదా! ఎదురింటి రెడ్డెమ్మ ఒకామె ఉండేది. దినామూ అరుగు మీద కూచోని, "ఏం మునెమ్మా, వయసు తిరిగొచ్చిందే నీకి! ఇంతకీ పెండ్లయింది నీకా, దానికా?" అనేది. మా అత్త ఊరుకుంటాదా? "నా కొడుకు కష్టం, నేను కట్టుకుంటా. నీకి యాడ మండతా ఉండాది, చెప్పు, నీళ్లు పోస్తా" అనేది.

నేను ఇంట్లో కూచోని కుమిలిపోయేదాన్ని. చెప్పేద్దామత్తా అన్నా ఒక దినం. "చెప్తే ఏమంటారో తెల్సునా నీకి? పెద్దరోగమంటారు. ఆ పేరు ఒకసారి పడితే పది మంది డాక్టరమ్మలు వచ్చి చెప్పినా పోదు. రేపు నీకి పుట్టే బిడ్డల్ని గూడా ఎవురూ చేసుకోరు. నన్ను గయ్యాళి అంటే ఏమయితాది? ముందు నించే అంటా ఉండారు" అనింది.

ఇట్లా రెండేండ్లు. మా నాయన దీపావళికి ఒక కోక పంపించినాడు, పచ్చది, ఎర్రంచు. రెండు దినాలు అంగడి కాడ నిలబడి తెచ్చినాడంట. తరవాత మూడు నెలలకు, బెల్లం వండే కాలంలో, చెప్పాపెట్టకుండా వచ్చినాడు. బస్సు దిగి వస్తా ఉంటే దావలో రెడ్డెమ్మ కనపడింది. ఇంకేముండాది! ఆయన మా వాకిట్లోకి వచ్చేతలికి మా అత్త ఆ పచ్చకోక కట్టుకోని, పొయ్యి కాడ నించి వస్తా ఉండాది. నేను అతుకులేసిన పాతది కట్టుకోని ఊడస్తా ఉండాను.

మా నాయన నెమ్మదస్తుడు. ఆ పొద్దు ఆయన గొంతు అట్లా లేస్తాదని నాకే తెలీదు. "నా బిడ్డకు పెట్టిన కోక నువ్వు చుట్టుకోనుండావే, సిగ్గు లేదా?" అని ఈదిలో నిలబడి అరిచినాడు. రెడ్డెమ్మ వచ్చింది, ఇంకా నలుగురొచ్చినారు. మీ తాత గానుగ కాడుండాడు. మా అత్త నా ముఖం ఒకసారి సూసింది. సూసి, ఆయనతో, "అవును, కట్టుకున్నా. రంగు బాగుండాదని కట్టుకున్నా" అనింది. అంత నోరుండే మనిషి, ఇంకొక మాట అనలా.

"పద మ్మే, ఇంటికి పోదాం. ఈ కొంపలో నువ్వుండద్దు" అని మా నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. సరింగా మోచెయ్యి కాడ, రవిక మీద. నొప్పికి నేను అబ్బా అన్నా. ఆయన కొట్టినారు కాబోలు అనుకోని ఇంకా మండిపోయినాడు. "కొడతా గూడా ఉండారా?"

ఏం చెయ్యాల నేను? పలక్కుండా ఆయనతో పోతే మా అత్త జన్మంతా కోడల్ని కొట్టి కోకలు లాక్కున్న మనిషి. చెప్తే నేను పెద్దరోగం మనిషి. అంత ఆలోచించినానా అంటే, లేదు లే. ఆమె ముఖం సూసినా, చేతులు వాటంతట అవే రవికను మోచేతుల పైకి లాగేసినాయి. రెండు చేతులూ చాపి సూపించినా. "నాయనా, ఇదీ. పెండ్లికి ముందు నించే ఉండాది. అమ్మకు తెల్సు. కొత్తబట్ట నా ఒంటికి పడదు. నాకోసరం ఆమె కట్టి, నలిపి ఇస్తా ఉండాది" అని చెప్పినా. అందురి ముందరే.

రెడ్డెమ్మ నాలుగడుగులు యెనక్కి పోయింది. తన కాళ్ల కాడుండే చిన్నబిడ్డను చంకలో ఎత్తుకునింది. మా అత్త "అయ్యో, పాపిష్టిదానా" అని తలకొట్టుకునింది. మా నాయన అరుగు మీద కూలబడినాడు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. సంచిలో ఇంకొక కోక తెచ్చినాడు, నాకని. అది తీసి, రెండు చేతుల్తో మా అత్తకు ఇచ్చినాడు. "అక్కా, దీన్ని గూడా నువ్వే కట్టమ్మా" అన్నాడు.

ఆయన పోయినాక మా అత్త నన్ను తిట్టింది సూడు! "ఒక మాట పడతా ఉండాను, పడనీ అని ఊరుకోలేవా? నాకేమన్నా కొత్తా? ఇప్పుడు నువ్వు పడు." నిజమే, పడినా. బావి కాడ నేను పోతే కడవలు పక్కకు జరిపేవాళ్లు. పేరంటాలకు పిలవలేదు. మర్నాటి నించి మా అత్త ఏం చేసిందంటే, దినామూ పొద్దున నాతో బావికి వచ్చేది. అందురూ ఉండేటప్పుడు, నేను చేదిన నీళ్లు దోసిట్లో పోయించుకోని తాగేది. గడగడా, సప్పుడయ్యేటట్టు. దప్పి లేకపోయినా తాగేది. ఒక దినం జొరం, కాళ్లు నిలబడలా, అయినా గోడ పట్టుకోని వచ్చి తాగిపోయింది. నేను వద్దంటే "నీళ్లు పొయ్యి మే, నోరు ఎండిపోతా ఉండాది" అనింది.

రెండు ఎండాకాలాలు పోయినాయి అట్లా. తరవాత ఒక దినం, యెనకింటి కోడలు, నిండు నెలలు, ఎండలో వచ్చి "అక్కా, రొన్ని నీళ్లు పొయ్యి" అని దోసిలి పట్టింది. తొందరలో సగం కిందే పోసినా. ఆమె తాగింది, ఏం కాలేదు, తరవాత ఇంకొకరు. రెడ్డెమ్మ మాత్రం చచ్చేదాకా నా చేతి నీళ్లు తాగలేదు. ఆమె మాటేం లే.

మా అత్త పోయింది మీ అమ్మకు ఆరేండ్లప్పుడు. చెరుకు తోటలో నించి వచ్చి, ఈపు నొప్పని పండుకునింది, లెయ్యలేదు. ఒంటి మీద కొత్త కోక. నాకని కడతా ఉండింది. రెండు నెలలే అయింది కట్టబట్టి, ఇంకా గరుకు పోలా. పోయినోళ్ల బట్టలు ఇంట్లో పెట్టుకోరాదు, ఇచ్చెయ్యమన్నారు ఆడోళ్లంతా. నేను ఇయ్యలేదు. పదో దినం పోయినాక ఉతికి, అట్లే కట్టుకున్నా. ఒళ్లంతా గీరుకునింది. గీరుకుంటే గీరుకోనీ అని కట్టుకున్నా. మీ తాత సూసి ఇడిచెయ్యమన్నాడు. ఎప్పుడూ ఏమీ చెప్పని మనిషి! ఇడవలేదు. అది మెత్తబడే దాకా నేనే కట్టినా.

ఆ...

ఎందుకొచ్చిందో, ఏందో, ఇప్పుడు గూడా తెలీదు మ్మే. రాసుకుంటే రాసుకో. నీ గుట్టు తెలిసి నోరు మూసుకోని, నీ పక్కనే నిలబడే మనిషి నీకి ఉండాల తల్లీ, నీ బిడ్డలకి ఉండాల, నువ్వు నిండుగా... ఏం, కండ్లు తుడుచుకుంటాండావా? తుడుచుకుంటే తుడుచుకో గానీ, ఆ కొబ్బరినూనె గిన్నె ఇట్ల తే. ఈపు మీద నాకు అందదు. రొంత కిందికి... ఇంకా... ఆ, ఆడే.