పాత లైను

అది కాదక్కా, పొద్దుట్నుంచి నాలుగుసార్లు చేశాను, ఒక్కసారైనా ఫోనెత్తొద్దూ? ఆఁ, సరే సరే. ఈ స్టోర్‌రూములో సిగ్నల్ రాదని నాకేం తెలుసు! ఆ అట్టపెట్టె ఇలా ఇవ్వండి, నేను దించుతాను. ముందు మీరు కూర్చోండి.

టీ వద్దు. వద్దంటున్నాగా! మీరిలా మర్యాదలు చేస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు.

ఆ రోజు సంగతి చెప్పాలక్కా. మీ ల్యాబ్‌లో ఆ పాత రక్తపరీక్ష మిషను ఉందే, పెద్దాసుపత్రి కంప్యూటరు పక్కగదిలో ఉన్నట్టుంటేనే అది దాంతో మాట్లాడుతుంది. మధ్యలో చూస్తే పన్నెండు కిలోమీటర్లాయె! అందుకే రెండువైపులా రౌటర్లు పెట్టి బ్రిడ్జి చేశాను. అంటే ఏం లేదు, రెండు భవనాల వైర్లూ ఒకే గదిలో ఉన్నట్టు కలిపేయడం. ఈ చివర కేకేస్తే ఆ చివర అందరికీ వినబడుతుంది.

మొదటి రిపోర్టు అక్కడికి చేరగానే మీరు ఫోన్‌లో చప్పట్లు కొట్టారు. కొట్టి, అడిగారు: "తమ్ముడూ, పెద్దాసుపత్రికి వెళ్లే పాత లైను ఇంకా ఇక్కడే వేలాడుతోంది, తీసేయమంటావా?"

నేనేమన్నాను? "ఎందుకక్కా, అదీ వైర్లన్నీ కలిసే ఆ స్విచ్చి పెట్టెలోనే పెట్టేయండి. ఒకటి పోతే ఇంకోటుంటుంది."

రెండు దారులుంటే ఒకదాన్ని మూసి ఉంచే సెట్టింగుంటుంది. అది ఉంటే లైను పనిచేయడం మొదలవడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఓపిక లేక నేనే ఆపేశాను! ఆపిన సంగతి మర్చిపోయి మీకా మాట చెప్పాను. ఇంకేముంది? ఒక దారిన వెళ్లిన కేక రెండో దారిన తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చి... రెండు చోట్లా కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. మూడు గంటలు! ఆపరేషన్ బల్ల మీదున్నావిడ రిపోర్టు కోసం మనిషిని స్కూటరు మీద పరిగెత్తించారు. ఆవిడ అదృష్టం బాగుండి బయటపడింది.

ఆ తర్వాత మేనేజరుకి నేను రాసిచ్చింది చదివారా? "ల్యాబ్ సిబ్బంది చెప్పకుండా కేబులు కలిపారు." ఒక్క వాక్యం. పంతొమ్మిదేళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషిని ఈ పెట్టెల మధ్యకి నెట్టింది అదే.

మీరెక్కడ నిజం చెప్పేస్తారోనని విచారణలో ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. మీరేమో, "నా తొందర వల్ల పాపం ఈ అబ్బాయికి మాటొచ్చిందండీ" అన్నారు. తమ్ముడు చెప్పిందే చేశానని ఎందుకనలేదక్కా?

ఏంటీ? మీరే తప్పుగా విన్నారనుకున్నారా? తెలియని పని కాబట్టి పొరపాటు మీదే అయ్యుంటుందనుకున్నారా?

అయ్యో, అక్కా!

మీరు సరిగ్గానే విన్నారు. పెట్టమన్నది నేనే. తప్పంతా నాది.

మేనేజరుకి చెప్పానా అంటారా? లేదు. రెండుసార్లు ఆయన గది దాకా వెళ్లి, అటెండరుని టైమెంతని అడిగి వచ్చేశాను. మీ దగ్గరికే ఎందుకొచ్చానంటే... మీరు తిట్టరని. అంతేనక్కా నా ధైర్యం.