డబ్బాలోదా, సీసాలోదా

తమ బీరు తయారీశాల నేలమాళిగలో, మూడేళ్లు దాచిన నల్లబీరును భర్త రెండు గ్లాసుల్లో పోసి భార్య ముందు పెట్టాడు.

“నేను ముట్టనని తెలుసు కదండీ.”

“వాసన చూడు చాలు. ఒకటి డబ్బాలోది, ఒకటి సీసాలోది. ఏది బాగా మాగిందో చెప్తే, ఈ ఏటి సరుకంతా అందులోనే నింపుతాం.”

“ఇది నిన్న కాచినట్టుంది. ఇదైతే ఎండుద్రాక్ష వాసన. దేవుడు క్షమించాలి, నోరూరుతోంది.”

“నిజంగా? అది సీసాలోది. మూతలోంచి కాస్త గాలి చేరుతుంది. డబ్బాలోకి చేరదు, అందుకే మారలేదు.”

“మారకపోతే ఇన్నాళ్లు దాచడం దేనికండీ?”

“మా అన్నయ్య కూడా అదే అన్నాడు. డబ్బాలే మేలని నేనే ఏడాదిగా తనతో పోట్లాడుతున్నాను.”

“మరి ఓడిపోయి ఈ సంబరమేంటి?”

“అంత బాగా మాగింది నేను కాచిన బీరే కదా, పిచ్చిదానా. పద, అన్నయ్యకి నువ్వే చెప్పు. నువ్వు చెప్తే నన్ను ఎగతాళి చెయ్యడు.”